నూతుల మీద నిలబడ్డ చర్చి

(హైదరాబాద్‌లో భవన నిర్మాణ విద్యార్థులు, పాత కట్టడాల మీద ఆసక్తి ఉన్నవాళ్ళు కలిసిన ఒక సాయంకాల సభలో విశ్రాంత ఇంజనీరు ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. మైకు వెనక వరసకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి. ఇవాళ మాట్లాడబోయే కట్టడానికి మూలమే ఆ సమస్య. వెనక వరసలో కూర్చున్నవాడికి మాట వినపడాలి.

మీలో చాలామంది కాచిగూడలో రైలెక్కి చెన్నై ఎగ్మూరులో దిగే ఉంటారు. స్టేషన్ ఎర్రగా, దర్జాగా ఉంటుంది. అక్కడికి దగ్గర్లోనే, పూనమల్లి హైరోడ్డు వైపు, చెట్ల మధ్య నుంచి తెల్లటి శిఖరం ఒకటి పైకి లేచి కనపడుతుంది. సెయింట్ ఆండ్రూస్ చర్చి. మద్రాసు వాళ్ళు 'కర్క్' అంటారు. స్కాట్లండ్ వాళ్ళ భాషలో చర్చిని అలాగే పిలుస్తారు. స్టేషన్ 1908లో వచ్చింది. చర్చి అప్పటికే 87 ఏళ్ళ పాతది. మనం ఆటో బేరంలో పడి దాన్ని పట్టించుకోం. (నవ్వులు)

ముందు ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు అన్నది చూద్దాం. ఈస్ట్ ఇండియా కంపెనీని మనం 'ఇంగ్లీషువాళ్ళు' అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ, అందులో స్కాట్లండ్ వాళ్ళు తక్కువేమీ కాదు. మన రాయలసీమకి కలెక్టరుగా వచ్చి, పత్తికొండలో కలరాతో పోయిన థామస్ మన్రోది గ్లాస్గో. మన ఊళ్ళ కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, సేకరింపజేసిన కాలిన్ మెకంజీది లూయిస్ దీవిలోని స్టోర్నొవే. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు పనిచేసింది ఆయన దగ్గరే. కర్క్‌కి శంకుస్థాపన జరిగినప్పుడు మద్రాసు గవర్నరుగా ఉన్న హ్యూ ఎలియట్‌ది కూడా స్కాట్లండ్ కుటుంబమే. చర్చి తలుపులు తెరిచే నాటికి గవర్నరు మన్రో.

ఇంతమంది ఉన్నా మద్రాసులో వాళ్ళకంటూ చర్చి లేదు. ఇంగ్లండ్ చర్చి వేరు, స్కాట్లండ్ చర్చి వేరు. 1560లో మత సంస్కర్త జాన్ నాక్స్ కాలం నుంచి స్కాట్లండ్‌ది వేరే దారి. చాలా పోరాటాల తర్వాత 1690లో ఆ దారే ఖాయమైంది. వాళ్ళకి బిషప్పులు ఉండరు. సంఘాన్ని పెద్దలూ, పాదిరీలూ కలిసి కూర్చుని నడుపుతారు. అదే ప్రెస్బిటేరియన్ పద్ధతి. 1813లో కంపెనీ చార్టరు, అంటే దాని అధికార పత్రం, మార్చినప్పుడు కలకత్తాకి ఇంగ్లండ్ చర్చి బిషప్పును ఇచ్చారు. మరి మా సంగతేమిటని స్కాట్లండ్ వాళ్ళు అడిగారు. సరే, కలకత్తా, మద్రాసు, బొంబాయి మూడింటికీ తలా ఒక స్కాట్లండ్ పాదిరీ అన్నారు. పాదిరీ వచ్చాక చర్చి కావాలిగా.

చర్చి మాటకేం గానీ, పెళ్ళిళ్ళ దగ్గరే పేచీ వచ్చింది. ఈ స్కాట్లండ్ పాదిరీ చేసిన పెళ్ళి చట్టం ముందు చెల్లుతుందా అని! 1818లో లండన్ పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసి ఆ సందేహం తీర్చాల్సి వచ్చింది. ఎగ్మూరులో పునాదిరాయి పడింది కూడా ఆ ఏడాదే, ఏప్రిల్ 6న.

కలకత్తాలో అయితే ఇంకా తమాషా. అక్కడి స్కాట్లండ్ పాదిరీ జేమ్స్ బ్రైస్‌కీ, బిషప్ మిడిల్టన్‌కీ పడేది కాదు. మా శిఖరం మీ శిఖరం కంటే ఎత్తు ఉంటుంది, దాని మీద కోడిపుంజును నిలబెడతాను, అది బిషప్పు నెత్తిన కూస్తుంది అని బ్రైస్ పంతం పట్టాడట. పుంజు నిలబడింది. దాంతో సర్కారు వాళ్ళు, చర్చి మరమ్మతులు మేం చేస్తాం గానీ ఆ పుంజును మాత్రం ముట్టుకోం అన్నారని కలకత్తాలో చెప్పుకునేవాళ్ళు. (నవ్వులు) ఎంతవరకు నిజమో గానీ కథ బాగుంది. మద్రాసులో ఇంత గొడవ లేదు. ఇక్కడ శ్రద్ధంతా కట్టడం మీదే పెట్టారు.

ఇప్పుడు అసలు విషయంలోకి వద్దాం. వాళ్ళ ఆరాధనలో నడిమి స్థానం దేనిది? వాక్యానిది. పాదిరీ బైబిల్ తెరిచి చదివి, దాని మీద గంటసేపు ప్రసంగిస్తాడు. సంఘం వింటుంది. ఊరేగింపులుండవు, ధూపం ఉండదు, ఎక్కడో దూరంగా బలిపీఠమూ ఉండదు. అలాంటి వాళ్ళకి పొడుగాటి హాలు దేనికి? చివరి వరసవాడికి పాదిరీ పెదవులు కదలడం తప్ప ఏమీ తెలీదు. మన ఊళ్ళో బుర్రకథ చెబుతుంటే జనం ఎలా కూర్చుంటారు? చుట్టూ మూగుతారు. స్కాట్లండ్‌లోనూ అదే జరిగింది. బర్నట్ఐలండ్ అనే ఊళ్ళో 1590ల్లోనే చచ్చౌకంగా చర్చి కట్టారు. ఎడింబరో జార్జ్ స్ట్రీట్‌లో 1784 నాటి సెయింట్ ఆండ్రూస్ చర్చిది అండాకారం. ఎగ్మూరుకి వచ్చేసరికి అది పూర్తి వృత్తమైంది.

ఆ వృత్తం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూస్తే మరీ విచిత్రం. లండన్‌లో ట్రఫాల్గర్ స్క్వేర్ పక్కన సెయింట్ మార్టిన్ ఇన్ ది ఫీల్డ్స్ అని ఒక చర్చి ఉంది. దాన్ని 1720ల్లో గీసింది జేమ్స్ గిబ్స్. ఆయనది ఆబర్డీన్ దగ్గర ఊరు, స్కాట్లండ్ వాడే. కానీ పుట్టుకతో కాథలిక్, చదువు రోమ్‌లో. ఆయన మొదట ఇచ్చిన నక్షా గుండ్రని చర్చిది. ఖర్చెక్కువ అని లండన్ వాళ్ళు వద్దన్నారు. గిబ్స్ పొడుగు హాలు గీసిచ్చి, ఈ వద్దన్న నక్షాను పారెయ్యకుండా 1728లో తన పుస్తకంలో అచ్చు వేయించాడు. ఆ పుస్తకం సముద్రాలు దాటి అమెరికా వెళ్ళింది, మన దేశానికీ వచ్చింది. తొంభై ఏళ్ళ తర్వాత మద్రాసులో ఒక ఇంజనీరు చేతిలో ఆ గుండ్రం మళ్ళీ బతికింది. కాథలిక్కు గీశాడు, ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండ్ చర్చి వాళ్ళు, వద్దన్నారు, ప్రెస్బిటేరియన్లు కట్టుకున్నారు!

ఆ ఇంజనీరు మేజర్ థామస్ ఫియట్ డి హావిలండ్. మద్రాసు ఇంజనీర్ల దళం. గర్న్‌సీ అనే చిన్న దీవిలో 1775లో పుట్టాడు. నాకు ఈ మనిషంటే కొంచెం పక్షపాతం ఉంది, ముందే చెప్పేస్తున్నా. శ్రీరంగపట్నంలో ఉన్నప్పుడు కావేరి మీద వెడల్పాటి ఇటుక కమానులతో వంతెన కడతానన్నాడు. ఎవరూ నమ్మలేదు. సరేనని 1808 ప్రాంతంలో తన ఇంటి తోటలోనే వంద అడుగులకు పైబడిన ఒక్క కమానును కట్టి చూపించాడు. వంతెన రాలేదు గానీ, ఆ కమాను 1937 దాకా నిలబడింది. ఈలోగా 1809లో కంపెనీ సైనికాధికారుల తిరుగుబాటులో చిక్కుకుని ఉద్యోగం పోగొట్టుకున్నాడు. 1812లో మళ్ళీ తీసుకున్నారు. మద్రాసులో సెయింట్ జార్జ్ కెథీడ్రల్ పనిలో కర్నల్ కాల్డ్‌వెల్‌తో కలిసి పనిచేశాడు. జార్జిటౌన్‌ను సముద్రం కోత కోస్తుంటే ఒడ్డున రాతి గోడ కట్టించాడు. కర్క్ పని జరిగింది ఇదే కాలంలో.

ఇప్పుడు విద్యార్థులు కాస్త నోట్స్ తీసుకోండి. ఎగ్మూరు నేల ఎలాంటిది? పక్కనే కూవం నది. ఇసుకా బంకమన్నూ కలిసిన మెత్తటి నేల, కొంచెం తవ్వితే నీళ్ళు. అలాంటి చోట ఏం కట్టాలి? ముందు పక్క వరండా, దాని నెత్తిన 166 అడుగుల శిఖరం. దాని వెనక 81 అడుగుల పైచిలుకు వ్యాసమున్న గుండ్రటి హాలు. శిఖరం కింద బరువంతా ఒకే చోట పడుతుంది. హాలు బరువేమో వృత్తం చుట్టూ పరుచుకుంటుంది. రెండూ ఒకటే లెక్కన కుంగితే బాధ లేదు. శిఖరం ఒక అంగుళం ఎక్కువ కుంగిందా, రెండూ కలిసే చోట గోడ నిలువునా బీట తీస్తుంది. ఇవాళైతే నేలలోకి పొడుగాటి కాంక్రీటు స్తంభాలు దింపుతాం, మట్టి పరీక్ష రిపోర్టు తెప్పిస్తాం. 1818లో ఆయన ఏం చేశాడు?

నూతులు దింపాడు. మన పల్లెల్లో ఒరల బావి చూశారా? కుమ్మరి కాల్చిన మట్టి ఒరను నేల మీద పెట్టి, లోపల మన్ను తోడుతుంటే ఒర దానంతటదే దిగుతుంది. పైన ఇంకో ఒర పెడతారు, అదీ దిగుతుంది. దక్షిణాదిలో ఇది చాలా పాత విద్య. నీళ్ళ కోసం చేసే ఈ పనినే పునాది కోసం వాడారు. కాల్చిన మట్టివీ ఇటుకవీ అయిన నూతులను వందకు పైగా దింపారు, 14 అడుగుల నుంచి 50 అడుగుల లోతు దాకా. గట్టి పొర తగిలేదాకా దింపుకుంటూ పోవడం, లోపల నింపడం, పైన కమానులతో వాటిని కలిపి కట్టడం ఈ పద్ధతి. 50 అడుగులంటే ఐదంతస్తుల మేడ లోతు. కూవం ఒడ్డున, పంపులు లేని రోజుల్లో.

లోపల మన్ను తోడింది ఎవరు? బావులు తవ్వడమే వృత్తిగా బతికే మనవాళ్ళు. వాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. చర్చి లోపల పాలరాతి పలకల మీద సైనికాధికారుల పేర్లూ, పాదిరీల పేర్లూ చదవొచ్చు. ఒరలు దింపినవాళ్ళకి మాత్రం పలక లేదు. నాకు ఇక్కడ కోపం వస్తుంది, దాచుకోను. గిబ్స్ నక్షా అందరికీ అందుబాటులో ఉన్నదే, పుస్తకం కొంటే దొరుకుతుంది. ఆ నక్షాను ఎగ్మూరు మట్టి మీద రెండొందల ఏళ్ళు నిలబెట్టిన తెలివి ఈ ఊరిది. డి హావిలండ్ గొప్పతనం ఏమిటంటే, ఆ తెలివిని గుర్తుపట్టాడు. చాలామంది ఇంజనీర్లకి అది చేతకాదు, నాతో కలిపి. (నవ్వులు)

ఈ నూతుల పునాదిని తర్వాత మన గోదావరి మీద కూడా చూస్తాం. రాజమండ్రి దగ్గర 1900లో తెరిచిన హావ్‌లాక్ రైలు వంతెన స్తంభాలు నదిలోకి దింపిన నూతుల మీదే నిలబడ్డాయి. కొలతలు పెరిగాయి, యంత్రాలు వచ్చాయి. సూత్రం అదే.

ఇక పైకప్పు. చర్చి లోపల నిలబడి తలెత్తితే ముదురు నీలం రంగు గుమ్మటం, దాని మీద బంగారు చుక్కలు. సముద్రపు గవ్వల పొడిలో లాజవర్దం రాయి పొడి కలిపి ఆ నీలం తెచ్చారని చెబుతారు. చుక్కలు స్కాట్లండ్ ఆకాశంలో కనపడే నక్షత్రాలనీ అంటారు. ఎగ్మూరు ఉక్కపోతలో కూర్చుని సొంతూరి ఆకాశం చూసుకోవడం అన్నమాట. కానీ మీరు రంగు దగ్గర ఆగిపోకండి.

ఆ గుమ్మటం లోతు తక్కువ, కాస్త చదునుగా ఉంటుంది. గుమ్మటం ఎంత చదునైతే అంతగా పక్కలకి తోస్తుంది, ఇది మీ రెండో సంవత్సరం పాఠమే. కర్రతో కడితే తేలిక, తోపుడు తక్కువ. లండన్‌లో అలాగే చేసేవాళ్ళు. మద్రాసులో కర్ర పెడితే చెదలకి విందు. అందుకని ఆయన కప్పులో కర్ర జోలికి పోలేదు. ఇటుకతో చట్రం కట్టి, మధ్య ఖాళీలను కాల్చిన మట్టి శంకువులతో నింపాడు. అవి బోలుగా ఉంటాయి. చెదలు పట్టవు, బరువూ ఉండదు. పునాదికి కుమ్మరి, కప్పుకీ కుమ్మరే! ఈ గుమ్మటాన్ని మోస్తున్నవి పదహారు స్తంభాలు. నిలువు గాళ్ళతో, పైన ఆకులు చెక్కిన కొరింథియన్ తలకట్లతో వృత్తంగా నిలబడి ఉంటాయి. స్తంభాలకీ బయటి గోడకీ మధ్య చుట్టూ తిరిగే నడవా ఉంది. గుమ్మటం తోపుడు ఈ నడవా కప్పు మీదుగా దళసరి గోడకి చేరుతుంది.

స్తంభాలు చూసి పాలరాయి అనుకుంటారు. కాదు, సున్నం. మద్రాసు చునాం అని ఆ రోజుల్లో యూరప్ దాకా పేరున్న సరుకు. సముద్రపు గుల్లలు కాల్చిన సున్నం, గానుగలో నలిగింది, అందులో బెల్లం నీళ్ళు, గుడ్డు తెల్లసొన లాంటివి కలిపి, పూత మీద పూత వేసి, ఆఖరి పూతను నున్నటి రాయితో అద్దంలా మెరిసేదాకా రుద్దుతారు. ఓపిక కావాలి. మా చిన్నప్పుడు గచ్చు చేసే పెద్దవాళ్ళు ఇంకా ఉండేవాళ్ళు. ఇప్పుడు పాత కట్టడాల మరమ్మతుకి ఆ పని వచ్చినవాణ్ణి వెతుక్కోవాలి. దయచేసి అలాంటి గోడల మీద సిమెంటు పూయకండి. సున్నం గోడ చెమ్మను పీల్చి వదులుతుంది. సిమెంటు ఆ చెమ్మను లోపలే బిగించేస్తుంది, నాలుగు వర్షాకాలాల్లో పెచ్చులూడుతుంది. ఇది ఒక్క కర్క్ సంగతి కాదు, చార్మినారుకైనా అంతే.

1821 ఫిబ్రవరి 25న మొదటి ఆరాధన జరిగింది. మూడేళ్ళు కూడా పట్టలేదు. ఖర్చు సుమారు 20 వేల పౌండ్లు, కంపెనీ సొమ్ము. అందుకే ముందు వరండా పైన త్రికోణంలో కంపెనీ చిహ్నం, దాని లాటిన్ నినాదం ఉంటాయి. ఇంగ్లండ్ రాజు, పార్లమెంటు అండతో అని దాని భావం. స్కాట్లండ్ వాళ్ళ చర్చి నుదుటి మీద ఇంగ్లండ్ పేరు! సొమ్ము ఎవరిదో పేరు వాళ్ళదే కదా.

లోపల గోడలు తెలుపు, నేల నలుపు తెలుపు పాలరాతి గళ్ళు, బెంచీలు గుండ్రటి హాలుకు తగ్గట్టు వంపు తిరిగి ఉంటాయి. పైప్ ఆర్గన్ 1883లో ఇంగ్లండ్ నుంచి వచ్చింది. దీనికీ చిన్న కథ ఉంది. ఆ రోజుల్లో స్కాట్లండ్ చర్చిల్లో వాయిద్యం నిషిద్ధం. ఒకాయన శ్రుతి ఎత్తుకుంటే సంఘమంతా గొంతు కలిపి కీర్తనలు పాడాలి, అంతే. 1860ల్లో ఎడింబరోలో ఒక పాదిరీ వాయిద్యం పెట్టబోతే పెద్ద రభస అయింది. తర్వాత మెల్లగా ఒప్పుకున్నారు. అంటే ఈ గుమ్మటం కింద మొదటి అరవై ఏళ్ళూ మనిషి గొంతుదే రాజ్యం.

మన చదువులకీ ఈ చర్చికీ ఒక దారం ఉంది. 1835లో ఇక్కడి ఇద్దరు పాదిరీలు లారీ, బోవీ అని, ఒక చిన్న బడి పెట్టారు. దాన్ని నడపడానికి 1837లో జాన్ ఆండర్సన్ అనే యువకుడు స్కాట్లండ్ నుంచి వచ్చాడు. 1843లో స్కాట్లండ్ చర్చి రెండుగా చీలినప్పుడు ఆండర్సన్ ఫ్రీ చర్చి వైపు వెళ్ళిపోయాడు. ఆ పక్షం వాళ్ళే నెల్లూరులోనూ బడి నడిపారు. మద్రాసులోని ఆ బడే పెరిగి మద్రాసు క్రిస్టియన్ కాలేజీ అయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్వశాస్త్రం చదువుకున్నదీ, కట్టమంచి రామలింగారెడ్డి చదువుకున్నదీ అక్కడే.

ఇక నా మాటలు చాలు, మీరడగండి.

(ప్రశ్న: సార్, ఆ నూతుల్లో ఇప్పుడు నీళ్ళున్నాయా?)

(నవ్వులు) లేదమ్మా, చేద వేసుకుని వెళ్ళకు. పునాదికి దింపిన నూతిని ఖాళీగా వదలరు. ఇటుక ముక్కలో, రాళ్ళో, ఇసుకో వేసి సున్నంతో దట్టిస్తారు. గట్టిపడ్డాక అది నేలలో నిలబెట్టిన లావుపాటి స్తంభమే.

(ప్రశ్న: బిషప్పులే వద్దనుకున్న చర్చి ఇప్పుడు సీఎస్ఐలో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో ఉంది కదండీ? సీఎస్ఐలో బిషప్పులున్నారు.)

మంచి ప్రశ్న. దక్షిణ భారతంలో ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు 1908లోనే ఒకటయ్యారు. 1947 సెప్టెంబరు 27న వాళ్ళూ, ఆంగ్లికన్లూ, మెథడిస్టులూ కలిసి చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా ఏర్పరిచారు. ప్రెస్బిటేరియన్లు బిషప్పులను ఒప్పుకున్నారు, ఆంగ్లికన్లు సంఘ పెద్దల సభలను ఒప్పుకున్నారు. మన డోర్నకల్, మెదక్, కృష్ణా గోదావరి డయోసిస్‌లు, అంటే ఒక్కో బిషప్పు పరిధిలోని ప్రాంతాలు, అన్నీ ఆ కలయికలోనివే. ఆ సభ జరిగింది మద్రాసు సెయింట్ జార్జ్ కెథీడ్రల్‌లో. డి హావిలండ్ చెయ్యి పడిన ఇంకో చర్చి. అన్నట్టు, 1818లో ఆయన భార్య ఎలిజబెత్ చనిపోతే ఆ కెథీడ్రల్ శ్మశానంలోనే మొట్టమొదట పూడ్చిపెట్టారు. కర్క్ పునాదిరాయి వేసిన సంవత్సరం కూడా అదే.

(ప్రశ్న: గుండ్రటి చర్చి వినడానికి అంత బాగుంటే మెదక్‌లో ఎందుకు అలా కట్టలేదు?)

కాలం మారిపోయిందండీ. 1840ల నుంచి బ్రిటన్‌లో గోథిక్ మోజు మొదలైంది. చర్చి అంటే సూదిగా లేచే కమానులు, పొడుగాటి హాలు, చివర రంగుటద్దాల కిటికీ ఉండాల్సిందే అన్నారు. ఆ మోజులో ప్రెస్బిటేరియన్లు కూడా తమ చౌకాలూ గుండ్రాలూ వదిలేసి గోథిక్‌లు కట్టుకున్నారు. మెదక్‌ది వెస్లియన్ మిషన్ వాళ్ళ చర్చి, 1924 క్రిస్మస్ నాడు తెరిచింది. అప్పటికి ఇంకో రకం చర్చిని ఊహించే వాళ్ళే తక్కువ. కర్క్ ఇంకో ముప్పై ఏళ్ళు ఆలస్యమై ఉంటే ఎగ్మూరులో కూడా గోథిక్కే వచ్చేది. మెదక్ చూడనివాళ్ళు ఆదివారం కాని రోజు చూసి వెళ్ళండి, ఖాళీగా ఉన్నప్పుడు చివరి బెంచీలో ఒకరు కూర్చోండి, ఇంకొకరు ముందు నిలబడి మామూలు గొంతుతో చదవండి. తర్వాత అదే పని ఎగ్మూరులో చేసి చూడండి. కాచిగూడ రైలు ఎటూ ఉంది.